పాస్‌పోర్టులో వయసు, గల్ఫ్‌లో బతుకు: 30 ఏళ్ల నిబంధన ఎవరిని కాపాడుతోంది?

పదో తరగతి పూర్తి చేయని 27 ఏళ్ల మహిళ కువైట్‌లో ఇంటి పనికి వెళ్లాలంటే భారత ప్రభుత్వ అనుమతి లభించదు. అంతే వయసు, అంతే చదువు ఉన్న ఆమె సోదరుడు అదే నగరానికి డ్రైవరుగా వెళ్లేందుకు అనుమతి లభిస్తుంది. పదో తరగతి ఉత్తీర్ణురాలైన ఆమె చెల్లెలికైతే, 24 ఏళ్లకే, అదే ఇంటి పనికి అసలు ఆ అనుమతితో నిమిత్తమే లేదు. ముగ్గురూ ఒకే తల్లి బిడ్డలు కావచ్చు, ఒకే ఏజెంటు గుమ్మం ముందు నిలబడి ఉండవచ్చు. వారిని మూడు వేర్వేరు వర్గాలుగా విడదీసేది పాస్‌పోర్టు పుస్తకమే. అందులోని పుట్టిన తేదీ, స్త్రీ పురుష వివరం, ‘ఈసీఆర్’ అనే ముద్ర కలిసి ఎవరు చట్టబద్ధంగా విమానం ఎక్కగలరో నిర్ణయిస్తాయి.

ఈసీఆర్ అంటే వలస అనుమతి తప్పనిసరి అని అర్థం. 1983 నాటి వలసల చట్టం ప్రకారం, ఈ ముద్ర ఉన్న పాస్‌పోర్టుతో ఉద్యోగం కోసం 18 దేశాలకు వెళ్లేవారు ముందుగా వలసదారుల సంరక్షణాధికారి నుంచి అనుమతి పొందాలి. సౌదీ అరేబియా, కువైట్, యూఏఈ, ఖతార్, ఒమన్, బహ్రెయిన్‌లతో పాటు మలేషియా, ఇరాక్, జోర్డాన్, లెబనాన్ వంటి దేశాలు ఈ జాబితాలో ఉన్నాయి. పదో తరగతి ఉత్తీర్ణులు, ఆదాయపు పన్ను చెల్లించేవారు, 50 ఏళ్లు దాటినవారు ఈ తనిఖీ పరిధిలోకి రారు. 18 ఏళ్లలోపు పిల్లలకూ తనిఖీ లేదు. పిల్లలు కుటుంబం వెంట వెళ్తారే తప్ప పనికి వెళ్లరన్నది చట్టం ఊహ.

మహిళల విషయంలో ఈ నిబంధన మరింత బిగిసింది. ఈసీఆర్ దేశాలకు ఇంటి పనికి వెళ్లే మహిళకు కనీసం 30 ఏళ్లు ఉండాలని 2007లో కేంద్రం నిర్దేశించింది. తర్వాతి కాలంలో దాన్ని నర్సులు మినహా, ఈసీఆర్ పాస్‌పోర్టుతో వెళ్లే మహిళలందరికీ, పని ఏదైనా సరే, వర్తింపజేసింది. 2016 ఆగస్టు నుంచి వీరి నియామకాలను ప్రభుత్వ ఆధ్వర్యంలోని సంస్థల ద్వారానే జరపాలని ఆదేశించింది. తెలుగు రాష్ట్రాల్లో ఆ బాధ్యత ఓంక్యాప్, టామ్‌కామ్ సంస్థలది.

నిబంధన వెనుక ఉద్దేశాన్ని తేలికగా కొట్టిపారేయలేము. 1991లో హైదరాబాద్ పాతబస్తీకి చెందిన పదేళ్ల బాలికను అరవై ఏళ్ల సౌదీ జాతీయుడు పెళ్లి పేరిట తీసుకువెళ్తుండగా విమాన సిబ్బంది గుర్తించి పోలీసులకు అప్పగించిన ఉదంతం దేశాన్ని కుదిపివేసింది. ఆ బాలిక విమానం దాకా చేరగలిగిందంటే కాగితాల మీద ఆమె పదేళ్ల పిల్ల కాదన్నమాటే. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్, ఒమన్ ఇళ్లలో పనికి వెళ్లిన మహిళలు జీతం అందక, పాస్‌పోర్టు చేతిలో లేక, నాలుగు గోడల మధ్య చిక్కుకుని వాట్సాప్ సందేశాల్లో మొర పెట్టుకోవడం ఏళ్లుగా చూస్తున్నదే. వయసు పెరిగిన స్త్రీ తనను తాను కొంత మెరుగ్గా కాపాడుకోగలదని, ముప్పై దాటితే లైంగిక దోపిడీ ముప్పు తగ్గుతుందని అధికారులు భావించారు. ఆ భావనలో దోపిడీ చేసే యజమాని ప్రస్తావన లేదన్నది వేరే సంగతి. ముప్పై ఒకటో ఏట వెళ్లిన మహిళ జీతం ఎగ్గొట్టకుండా ఆ నియమం ఏ యజమానినీ ఆపదు.

అవసరం వయసు చూసి రాదు. భర్త అప్పులు, చెల్లెలి పెళ్లి, ఇంటి కప్పు, పిల్లల ఫీజులు ఇరవై అయిదేళ్లకే తలుపు తడతాయి. ముప్పై దాకా ఆగలేని మహిళకు ఏజెంటు చూపించే దారులు మూడు. మొదటిది పాస్‌పోర్టులో వయసు పెంచడం. రెండోది నకిలీ పదో తరగతి ధ్రువపత్రంతో ఈసీఆర్ ముద్ర లేని పాస్‌పోర్టు తీయించడం. మూడోది, ఇప్పుడు అన్నింటికన్నా ఎక్కువగా వినిపించేది, విజిట్ వీసా. బంధువులను చూసేందుకో, పర్యటనకో అని చెప్పి దుబాయ్‌కో షార్జాకో చేర్చి, అక్కడి నుంచి రోడ్డు మార్గాన ఒమన్‌కో, వేరే విమానంలో మరో దేశానికో తరలిస్తారు. కొన్నిసార్లు మూడు దారులూ ఒకే ప్రయాణంలో కలుస్తాయి.

వీటిలో మొదటి దారి ఇంత సులువు కావడానికి కారణం ఏజెంట్ల తెలివి ఒక్కటే కాదు. జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చినా, 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో జననం నమోదైనవారు 41 శాతమే. 2019–21 సర్వే నాటికి అది 89 శాతానికి చేరింది. అంటే ఇప్పుడు గల్ఫ్‌కు వెళ్లే వయసులో ఉన్న తరంలో చాలామంది పుట్టుక ఏ పంచాయతీ రిజిస్టరులోనూ లేదు. కోనసీమలో 1996 నవంబరు తుపాను నాటికి చంకలో బిడ్డ అనో, ఫలానా వారి పెళ్లినాటికి నడక నేర్చింది అనో పెద్దలు చెప్పే గుర్తులే వయసుకు ఆధారం. బడిలో చేర్చిన రోజున పంతులుగారు చేరికకు వీలుగా రాసుకున్న తేదీ ఒకటి ఉంటుంది. బడి మధ్యలో మానేసినవారికి ఆ కాగితమూ చేతిలో ఉండదు. ఆధార్ నమోదులో సుమారు వయసు చెప్పినవారికి ఆ ఏడాది జనవరి 1 పుట్టినరోజైంది. ఒకే ఇంట్లో నలుగురికీ జనవరి ఒకటే పుట్టినరోజుగా ఉన్న ఆధార్ కార్డులు తెలుగు పల్లెల్లో వింతేమీ కాదు.

1989 జనవరి 26న, ఆ తర్వాత పుట్టినవారు పాస్‌పోర్టుకు జనన ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం ఒకప్పుడు ఉండేది. 2016 డిసెంబరులో దాన్ని సడలించి ఆధార్, పాన్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, బడి ధ్రువపత్రం, బీమా పాలసీల్లో ఏదైనా చాలన్నారు. రిజిస్టరుకెక్కని కోట్లాది మందికి అది మేలు చేసిన నిర్ణయమే. 2025 సవరణ ప్రకారం 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టినవారికి మాత్రం జనన ధ్రువపత్రమే ఏకైక ఆధారం. ఆ శిశువులు పనికి వెళ్లే వయసుకు వచ్చేసరికి ఈ సమస్య కొంత తగ్గవచ్చు. మధ్యలో ఉన్న రెండు తరాల వయసు మాత్రం ఏ కాగితం ముందు పెడితే ఆ కాగితం చెప్పినట్టే ఉంటుంది.

దీని పర్యవసానం ఎంత దూరం పోగలదో దక్షిణాసియా ఒకసారి చూసింది. శ్రీలంక తూర్పు తీరంలోని ట్రింకోమలి జిల్లా మూతూర్‌కు చెందిన పేద ముస్లిం కుటుంబపు అమ్మాయి 2005లో ఇంటి పనికి సౌదీ అరేబియా వెళ్లింది. జనన ధ్రువపత్రం ప్రకారం ఆమె పుట్టింది 1988లో. పాస్‌పోర్టులో 1982 అని ఉంది. నిజానికి 17 ఏళ్ల ఆ అమ్మాయి కాగితం మీద 23 ఏళ్ల యువతి. చేరిన కొద్ది వారాలకే ఆమె సంరక్షణలో ఉన్న యజమాని శిశువు మరణించాడు. పాలు పడుతుండగా ఊపిరాడక చనిపోయాడని ఆమె చెప్పింది. గొంతు నులిమి చంపిందన్నది ఆరోపణ. 2007లో మరణశిక్ష పడింది. 18 ఏళ్లలోపు చేసిన నేరానికి మరణశిక్ష విధించరాదని చెప్పే బాలల హక్కుల ఒడంబడికలో సౌదీ భాగస్వామి. అయినా ఆ రక్షణ ఆమెకు అందలేదు. విచారణ న్యాయస్థానం పాస్‌పోర్టులోని తేదీనే ప్రామాణికంగా తీసుకుంది. జనన ధ్రువపత్రాన్ని సమర్పించే అవకాశం ఆమెకు దక్కలేదని మానవ హక్కుల సంస్థలు పేర్కొన్నాయి. శ్రీలంక ప్రభుత్వం, అంతర్జాతీయ సంస్థలు ఎంత వేడుకున్నా 2013 జనవరి 9న శిక్ష అమలైంది. ఆమె ప్రయాణ పత్రాలను తారుమారు చేసిన ఇద్దరు ఏజెంట్లకు కొలంబో న్యాయస్థానం విధించింది రెండేళ్ల జైలు.

ఈ కేసులో గమనించవలసిన అంశం, ఆమె దగ్గర సరైన జనన ధ్రువపత్రం ఉండటం. పుట్టుక నమోదైంది, రికార్డు భద్రంగా ఉంది. అయినా ఒక దేశం దాటి మరో దేశంలో అడుగుపెట్టాక మనిషి వయసుకు పాస్‌పోర్టు తప్ప మరో సాక్ష్యం లేకుండా పోయింది.

భారతీయ చట్టం ఇందుకు భిన్నంగా ఉంటుంది. బాల నేరస్థుల న్యాయ చట్టం–2015లోని 94వ సెక్షన్ వయసు నిర్ధారణకు ఒక వరుస పెట్టింది. మొదట బడి ఇచ్చిన జనన తేదీ పత్రం లేదా మెట్రిక్యులేషన్ ధ్రువపత్రం, అది లేకుంటే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకుంటే ఎముకల పరీక్ష. ఈ వరుసలో పాస్‌పోర్టు లేదు, ఆధార్ లేదు. ఆధార్ గుర్తింపుకే గాని పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో స్పష్టం చేసింది. ఎముకల పరీక్ష కూడా అటూ ఇటూ రెండేళ్ల తేడాతోనే వయసు చెప్పగలదని 1982లోనే అదే న్యాయస్థానం గుర్తించింది. కాగితాన్ని గుడ్డిగా నమ్మరాదన్న వివేకం మన న్యాయవ్యవస్థకు ఉంది. అది మన విమానాశ్రయం గేటు దాటి బయటకు వెళ్లదు.

వయసు పెంచుకుని వెళ్లిన మహిళకు అక్కడ ఏ రక్షణలు చేజారతాయో చూస్తే ఈ నిబంధన అసలు ఖరీదు అర్థమవుతుంది. వలస అనుమతితో వెళ్లే కార్మికురాలి పేరు, యజమాని వివరాలు, వేతన ఒప్పందం ‘ఈ-మైగ్రేట్’ వ్యవస్థలో నమోదవుతాయి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల రూపాయల రక్షణ ఉంటుంది. రెండేళ్లకు దాని ప్రీమియం 275 రూపాయలు మాత్రమే. విజిట్ వీసాపై వెళ్లిన మహిళకు వీటిలో ఏదీ లేదు. ఆమెతో ఒప్పందం చేసుకున్న యజమాని ఎవరో చూపించే కాగితం భారత ప్రభుత్వం వద్ద ఉండదు. కువైట్ 2015లో తెచ్చిన గృహ కార్మికుల చట్టం రోజుకు 12 గంటలకు మించని పని, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల వేతన సెలవు హామీ ఇచ్చింది. కార్మికురాలి అనుమతి లేకుండా పాస్‌పోర్టు దాచుకోవడాన్ని నిషేధించింది. గల్ఫ్ ప్రమాణాల్లో మంచి చట్టమే. ఖాదిం వీసా, అకామా లేని మహిళ ఆ చట్టం పేరు చెప్పి ఏ కార్యాలయం మెట్లెక్కగలదు? గల్ఫ్‌లో మన కార్మికులు ‘ఖల్లివెల్లి’ అని పిలుచుకునే పత్రాలు లేనివారి వరుసలో ఆమె చేరిపోతుంది. క్షమాభిక్ష ప్రకటించే దాకా, ఔట్‌పాస్ చేతికి వచ్చే దాకా దాక్కోవడమే మిగులుతుంది.

తిరిగి వచ్చాక ఫిర్యాదు చేయడానికి ముందుకు వచ్చేవారు తక్కువ. అందుకు భయం ఒక కారణం, చట్టం మరో కారణం. వలసల చట్టంలోని 24వ సెక్షన్, నిబంధనలకు విరుద్ధంగా మనుషులను పంపిన ఏజెంటునూ, అలా వెళ్లిన మనిషినీ ఒకే గాటన కట్టి రెండేళ్ల వరకు జైలు శిక్షకు అర్హులను చేస్తుంది. తప్పుడు సమాచారంతో పాస్‌పోర్టు పొందడం పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద విడిగా నేరం. వయసు పెంచమని అడిగింది ఎవరు, ఫారం నింపింది ఎవరు, వేలిముద్ర వేసింది ఎవరు అన్న ప్రశ్న వచ్చేసరికి వేలిముద్ర మాత్రమే సాక్ష్యంగా నిలుస్తుంది. మైనరును తరలించిన వ్యక్తికి భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద కనీసం పదేళ్ల శిక్ష. ఆ అమ్మాయి పాస్‌పోర్టులో మేజరు కావడమే ఏజెంటుకు మొదటి రక్షణ కవచమవుతుంది. బడి రిజిస్టరు వెతికి తెచ్చి దాన్ని ఛేదించవలసిన భారం దర్యాప్తు అధికారిపై పడుతుంది. ఆ తర్వాత కూడా పాస్‌పోర్టులో ఒక తేదీ, ఆధార్‌లో మరో తేదీ, రేషన్ కార్డులో ఇంకో వయసు ఆమెను వెంటాడతాయి. ఆధార్‌లో పుట్టిన తేదీని సాధారణంగా ఒక్కసారే మార్చుకోనిస్తారు. బ్యాంకు ఖాతా నుంచి పింఛను దాకా ప్రతి కిటికీ దగ్గరా ఏది నిజమో ఆమే రుజువు చేసుకోవాలి.

పొరుగు దేశాల అనుభవం ఈ విషయంలో మనకు ముందే పాఠం చెప్పింది. నేపాల్ 2012 ఆగస్టులో 30 ఏళ్లలోపు మహిళలు గల్ఫ్‌కు ఇంటి పనికి వెళ్లడాన్ని నిషేధించింది. వలస ఆగలేదు. ఖాట్మండు విమానాశ్రయానికి బదులు సరిహద్దు దాటి భారత్ విమానాశ్రయాల మీదుగా సాగింది. నిషేధం మహిళలను మరింత ప్రమాదకరమైన, అక్రమ మార్గాల వైపు నెట్టిందని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2015లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. నేపాల్ ఆ తర్వాత వయసు పరిమితిని మార్చింది, 2017లో మళ్లీ పూర్తి నిషేధానికి మొగ్గింది. శ్రీలంక 2013లో, మూతూర్ అమ్మాయి మరణం తర్వాత, సౌదీకి వెళ్లే గృహ కార్మికుల కనీస వయసును 25కు పెంచింది. తొమ్మిదేళ్లు గడిచాక, 2022 ఆర్థిక సంక్షోభంలో విదేశీ మారకద్రవ్యం కోసం కటకటలాడినప్పుడు, అన్ని దేశాలకూ కలిపి 21కి దించింది. ఈ మార్పులను వరుసగా పేర్చి చూస్తే వాటికీ మహిళల భద్రతకూ సంబంధం వెతకడం కష్టం. ఒకసారి ప్రజాగ్రహం, మరోసారి ఖజానా అవసరం వయసును నిర్ణయించాయి.

భారత్‌లోనూ బేరసారాల ముద్ర లేకపోలేదు. మహిళలను నేరుగా నియమించుకునే విదేశీ యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలన్న నియమం ఉండేది. జీతం ఎగ్గొడితే, ఆమెను స్వదేశానికి పంపవలసి వస్తే ఆ సొమ్ము అక్కరకు వస్తుంది. యజమానిపై భారం మోపిన అరుదైన నిబంధన ఇది. కువైట్ అభ్యంతరం చెప్పి నియామకాలు నిలిపివేయడంతో 2017లో ఆ దేశానికి సంబంధించి కేంద్రం దాన్ని ఉపసంహరించుకుంది. మహిళ వయసుపై ఉన్న నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు. యజమాని జేబుకు తగిలే రక్షణ కన్నా కార్మికురాలి కాళ్లకు తగిలే రక్షణే ప్రభుత్వాలకు సులువుగా కనిపించడం యాదృచ్ఛికం కాదు.

రాజ్యాంగ దృష్టితో చూసినా ఈ వర్గీకరణ నిలబడటం కష్టమే. విదేశాలకు వెళ్లే హక్కు 21వ అధికరణలోని వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో, 1978లో మేనకా గాంధీ కేసులో చెప్పింది. 30 ఏళ్ల నిబంధన వచ్చిన 2007లోనే అనూజ్ గార్గ్ కేసులో మరో కీలక తీర్పు వెలువడింది. మద్యం వడ్డించే చోట మహిళలెవరూ, 25 ఏళ్లలోపు పురుషులెవరూ పని చేయరాదన్న వలస పాలన నాటి చట్ట నిబంధనను అది కొట్టివేసింది. భద్రత పేరుతో మహిళ ఉపాధిని కత్తిరించడం కాక, పనిచేసే చోటును సురక్షితం చేయడమే ప్రభుత్వ బాధ్యత అన్నది ఆ తీర్పు సారాంశం. కువైట్ ఇంటిని ఢిల్లీ హోటల్‌లా తనిఖీ చేయలేమన్న వాదనలో పస ఉంది. అయితే పదో తరగతి ధ్రువపత్రం ఉన్న 24 ఏళ్ల మహిళ విషయంలో అదే ఇల్లు ప్రభుత్వానికి ఆందోళన కలిగించకపోవడాన్ని ఆ వాదన సమర్థించలేదు. వయసు, వైవాహిక స్థితి ఆధారంగా మహిళల వలసపై పెట్టిన ఆంక్షలను తొలగించాలని మహిళలపై వివక్ష నిర్మూలన కమిటీ 2008లో సభ్యదేశాలకు సిఫారసు చేసింది. భారత్ ఆ ఒడంబడికను 1993లో ఆమోదించిన దేశం.

పత్రాలతో పౌరులను అంతస్తులుగా విడగొట్టడాన్ని సమాజం ఒకసారి గట్టిగానే ప్రతిఘటించింది. 2018 జనవరిలో ఈసీఆర్ పాస్‌పోర్టులకు నారింజ రంగు అట్ట వేయాలని విదేశాంగ శాఖ ప్రతిపాదించింది. చదువుకోని కార్మికుడిని రంగు చూసి రెండో తరగతి పౌరుడిగా గుర్తిస్తారని విమర్శలు వెల్లువెత్తడంతో నెల తిరక్కుండానే వెనక్కి తగ్గింది. కంటికి కనిపించే రంగుపై వచ్చిన ఆ ఆగ్రహం, లోపలి పేజీలోని పుట్టిన తేదీ చేసే విభజనపై ఎన్నడూ రాలేదు. ఆ విభజన బారిన పడేవారు ఎక్కువగా పత్రికలు చదవని మహిళలు.

1983 చట్టాన్ని మార్చేందుకు 2019లో, 2021లో, మళ్లీ 2025లో ముసాయిదాలు వెలువడ్డాయి. చర్చ ఎక్కువగా ఏజెంట్ల రిజిస్ట్రేషను, జరిమానాల చుట్టూ తిరిగింది. వయసు విషయంలో చేయవలసినవి అంత క్లిష్టమైనవి కావు. చదువుతో, స్త్రీ పురుష భేదంతో నిమిత్తం లేకుండా ఒకే కనీస వయసు ఉంటే ముప్పైకి చేరేందుకు తేదీ దిద్దుకునే అవసరం చాలావరకు పోతుంది. వలస వెళ్లిన వ్యక్తిని 24వ సెక్షన్ నేరస్థుల జాబితా నుంచి తప్పిస్తే ఏజెంటుపై నోరు విప్పేవారు పెరుగుతారు. గల్ఫ్ దేశాలతో చేసుకునే కార్మిక ఒప్పందాల్లో, నిందితురాలి వయసుపై వివాదం తలెత్తితే స్వదేశపు జనన రికార్డును, వైద్య పరీక్షను పరిగణించాలన్న షరతు చేర్చవచ్చు. ఓంక్యాప్, టామ్‌కామ్‌ల సంగతి వేరు. ఏజెంటు ఊళ్లోనే ఉంటాడు, అప్పూ ఇస్తాడు, విమానాశ్రయం దాకా తోడూ వస్తాడు. రాజంపేట, రాజోలు పల్లెల్లో అతడితో పోటీ పడాలంటే ప్రభుత్వ సంస్థ ఒక వెబ్‌సైటుగా మిగిలితే సరిపోదు.

అంతవరకు వయసు పెంచుకుని విజిట్ వీసాపై వెళ్లిన మహిళ పేరు ఈ-మైగ్రేట్‌లో కనిపించదు. యజమాని ఇంటి నుంచి పారిపోయి భారత రాయబార కార్యాలయం నడిపే ఆశ్రయ గృహానికి చేరిన రోజున ఆమె వివరాలు రాసుకుంటారు. పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉండిపోతుంది. అయినా దాని నకలు తెప్పించి, అందులో ఉన్న పుట్టిన తేదీనే ఆ రిజిస్టరులోకి ఎక్కిస్తారు.